హాలోవీన్ అయ్యాక మిగిలిన గుమ్మడికాయలు ఏం చేయాలి? ఫాల్ సీజన్ తక్కువ ఖర్చులో గడిచేదెలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఈ ఏడాదే షికాగో వైపు వచ్చారు, పిల్లల సరదా కోసం ఐదు గుమ్మడికాయలు కొన్నారు. రెండు చెక్కి లోపల దీపం పెట్టారు, రెండు పెద్దవి అలాగే పోర్చ్ మీద ఉన్నాయి, చిన్నది ఒకటి వంటింట్లో ఉంది. పారేయడానికి చేతులు రావడం లేదు, ఇక్కడి గుమ్మడికాయ వండితే చప్పగా ఉంటుందని ఎవరో చెప్పారు. దానికి తోడు సెప్టెంబర్ చివర నుంచి థాంక్స్ గివింగ్ (నవంబర్ చివర్లో వచ్చే అమెరికన్ పండగ) దాకా పమ్కిన్ ప్యాచ్ (గుమ్మడి తోట) టికెట్లు, కాస్ట్యూమ్‌లు, డెకరేషన్లు అంటూ డబ్బు మంచినీళ్లలా ఖర్చవుతోంది, సింపుల్‌గా చేసుకునే దారి ఏదైనా ఉందా అని.

ముందు సూటిగా జవాబు. చెక్కినవి వండకండి, కంపోస్ట్‌కి ఇచ్చేయండి. చెక్కని మూడూ నిక్షేపంగా తినొచ్చు, కానీ ఏది దేనికి పనికొస్తుందో తెలిసి వండాలి. వచ్చే ఏడాది నుంచి మాత్రం చెక్కే గుమ్మడికాయలు కొనడం మానేసి, వండుకునే రకాలే కొని, రెండు నెలలు వాటితోనే ఇంటి ముందు అలంకరణ చేసి, తర్వాత ఒక్కొక్కటిగా కోసి వండుకోండి. పొదుపంతా కొనేటప్పుడే జరిగిపోతుంది. కొన్నాక ఎన్ని వంటలు నేర్చుకున్నా అది రెండో మెట్టే.

నేను షికాగో ఉన్న ఈ ఇల్లినాయ్ రాష్ట్రంలోనే చాలా ఏళ్లుగా ఉంటున్నాను, పెరట్లో గుమ్మడి పాదు పెడతాను, మా ఇంట్లో అక్టోబర్ నుంచి జనవరి దాకా వారానికోసారైనా గుమ్మడికాయ కూర ఉంటుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

చెక్కినవి ఎందుకు వద్దంటున్నానంటే

కోసిన గుమ్మడికాయ కోసిన కూరగాయే కదా. బయట రెండు మూడు రోజులు గాలికి, దుమ్ముకి, ఉడతలకి వదిలేసి, లోపల కొవ్వొత్తి వెలిగించి, ఆ మైనం మసి అంటుకున్నాక దాన్ని ఎంత కడిగినా తినడానికి పనికిరాదు. కోసిన చోట బ్యాక్టీరియా, బూజు చాలా తొందరగా పెరుగుతాయి, పైకి కనిపించకపోవచ్చు కూడా. కొంతమంది ఎక్కువ రోజులు ఉండాలని బ్లీచ్ నీళ్లు చల్లుతారు, ఇక దాని గురించి చెప్పనక్కర్లేదు. పెయింట్ వేసినవి, మెరుపులు అంటించినవి కూడా అంతే.

పిల్లలు చెక్కాల్సిందే అని పట్టుబడితే ఒక పని చేయండి. చెక్కే రోజే లోపలి గింజలన్నీ తీసి, గోడలు పల్చబడేదాకా గరిటెతో గీకిన కండ కూడా తీసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి, అది శుభ్రమైన వంట సరుకే. చెక్కిన ముఖం మాత్రం బయటకి వెళ్తుంది.

మీ దగ్గరున్న రెండు చెక్కినవాటికి ఇల్లినాయ్‌లో మంచి ఏర్పాటుంది. హాలోవీన్ తర్వాత వచ్చే శనివారం చాలా ఊళ్లలో పమ్కిన్ స్మాష్ అని పెడతారు, పిల్లలు గుమ్మడికాయల్ని డబ్బాలోకి విసిరి పగలగొడతారు, అదంతా కంపోస్ట్‌కి వెళ్తుంది. దాదాపు అన్నిచోట్లా ఉచితమే. మీ ఊరి వెబ్‌సైట్‌లోనో లైబ్రరీ నోటీసు బోర్డు మీదో వివరాలుంటాయి. కొవ్వొత్తులు, స్టిక్కర్లు తీసేసి తీసుకెళ్లాలి. చెత్తబుట్టలో వేస్తే ఏమవుతుందంటే, ల్యాండ్‌ఫిల్‌లో (చెత్త పూడ్చే చోట) గాలి తగలకుండా కుళ్లి మీథేన్ వస్తుంది. బోలెడంత నీళ్లు, మంచి ఎరువు అయ్యే వస్తువుని అలా పాడుచేయడం నాకైతే మనసొప్పదు. ఇంకో మాట, దగ్గర్లోని ఫారెస్ట్ ప్రిజర్వ్‌లో (రక్షిత అడవిలో) పడేస్తే జింకలు తింటాయి కదా అని చాలామంది అనుకుంటారు. అలా చేయకండి, అక్కడివాళ్లే వద్దంటారు, అడవి జంతువులకి అది అలవాటైన తిండి కాదు. మేకలు, కోళ్లు పెంచే ఫామ్ ఏదైనా తీసుకుంటుందేమో ఫోన్ చేసి అడగండి, పెయింట్ లేనివైతే కొందరు సంతోషంగా తీసుకుంటారు.

ఇక్కడి గుమ్మడికాయ చప్పగా ఎందుకుంటుంది

మీతో ఆ మాట అన్నవాళ్లు తప్పు చెప్పలేదు, కానీ సగమే చెప్పారు. హాలోవీన్‌కి గ్రోసరీ స్టోర్ ముందు పెద్ద అట్టపెట్టెల్లో పోసి అమ్మే నారింజరంగు కాయలు, హౌడెన్ లాంటివి, గుండ్రటి ఆకారం కోసం, రంగు కోసం, పట్టుకోవడానికి గట్టి తొడిమ కోసం పెంచిన రకాలు. కండ నీళ్లగా, పీచుగా ఉంటుంది, తీపి తక్కువ. మన ఊళ్లలో తినే తీపి గుమ్మడి వేరే జాతి. బటర్‌నట్ స్క్వాష్ ఆ జాతిదే. మీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు గానీ, డబ్బాలో దొరికే పమ్కిన్ కూడా ఎక్కువగా ఆ జాతి కాయలతోనే చేస్తారు. మన ఇల్లినాయ్‌లోనే మోర్టన్ అనే ఊళ్లో పెద్ద క్యానింగ్ ఫ్యాక్టరీ ఉంది, ఆ ఊరు తనని తాను ప్రపంచ పమ్కిన్ రాజధాని అని చెప్పుకుంటుంది, అక్కడ డబ్బాల్లోకి వెళ్లేది పోర్చ్ మీద పెట్టే నారింజకాయ కాదు, లేత గోధుమరంగు తొక్కతో ఉండే డికిన్సన్ రకం.

కాబట్టి వచ్చే ఏడాది కొనేటప్పుడు వీటిని చూడండి:

ఫెయిరీటేల్ అని అమ్ముతారు, చదునుగా, లోతైన గాళ్లతో, గోధుమరంగులో ఉంటుంది. చూడ్డానికి అచ్చం మన సంతలో గుమ్మడిపండే, రుచి కూడా చాలా దగ్గర. ఖరీదు కొంచెం ఎక్కువే, కానీ ఒక్కటి కొంటే ఇంటి ముందు కళ, తర్వాత నాలుగైదు పూటల కూర.

బటర్‌నట్ ఏడాది పొడవునా దొరుకుతుంది, అక్టోబర్‌లో చవక. తొక్క పల్చన, గింజలు తక్కువ, కండ ఎక్కువ. పులుసుకీ హల్వాకీ రెండింటికీ నా మొదటి ఓటు దీనికే.

కబోచా గట్టిగా, పిండిగా ఉంటుంది, తీపి ఎక్కువ, తొక్కతో సహా వండొచ్చు. వేపుడు, ఆవపెట్టిన కూర దీంతో చేస్తే ముక్క విడిపోదు.

సిండ్రెల్లా అని ఎర్రగా చదునుగా ఉండేది అందం ఎక్కువ, రుచి పర్లేదు. పై (pie అనే తీపి వంటకం) చేసే పై పమ్కిన్, షుగర్ పమ్కిన్ అని చిన్నవి అమ్ముతారు, అవి కూడా వండుకోవచ్చు. వంటింట్లో ఉన్న మీ చిన్నది బహుశా అదే అయి ఉంటుంది, స్టిక్కర్ చూడండి.

ఒక జాగ్రత్త. బుడిపెలు బుడిపెలుగా, రంగురంగుల చారలతో అరచేతిలో పట్టే అలంకరణ గోర్డులు వండకండి. ఏ గుమ్మడికాయైనా సరే, కోశాక పచ్చి ముక్క నాలుక చివర పెట్టి చూడండి, చేదుగా ఉంటే మొత్తం పారేయండి. ఆ చేదు కుకుర్బిటసిన్ అనే పదార్థం వల్ల వస్తుంది, ఉడికించినా పోదు, కడుపులో గట్టిగా ఇబ్బంది పెడుతుంది. కంపోస్ట్ కుప్పలో తనంతట తాను మొలిచిన పాదుకి కాసిన కాయల్లో ఇలా వచ్చే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు మీ పెద్దవి రెండూ ఏం చేయాలి

అవి హౌడెన్ లాంటివే అయ్యుంటాయి, వాటితో హల్వా చేయడానికి దిగకండి, నెయ్యీ పంచదారా దండగ. వాటి స్వభావమే నీళ్లు, కాబట్టి నీళ్లుండే వంటలకే వాడాలి.

కోయడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. చిన్న కత్తితో కుస్తీ పట్టకండి, చెయ్యి తెగుతుంది. కాయని కడిగి, కత్తి మొనతో నాలుగైదు చోట్ల గాట్లు పెట్టి, ఓవెన్‌లో 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఓ 15, 20 నిమిషాలు ఉంచితే తొక్క మెత్తబడి కత్తి సులువుగా దిగుతుంది. ఓవెన్‌లో పట్టనంత పెద్దదైతే శుభ్రమైన గుడ్డసంచిలో పెట్టి మెట్టు మీద ఒక్కటివ్వండి, పగులుతుంది.

*పులుసు.* మాది గోదావరి వైపు, మా ఇంట్లో గుమ్మడికాయ అంటే మొదట పులుసే. పెద్ద ముక్కలు తొక్కతోనే కోసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు వేసి మూత పెట్టి మగ్గనివ్వండి, నీళ్లు దాదాపు పోయక్కర్లేదు, కాయే వదులుతుంది. కుక్కర్‌లో పెట్టకండి, ఈ రకం గుజ్జైపోతుంది. ముక్క మెత్తబడ్డాక చిక్కటి చింతపండు పులుసు, బెల్లం, చివర్లో రెండు చెంచాల బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోసి, ఇంగువ బాగా తగిలించి తాలింపు పెట్టండి. ఇక్కడి కాయకి లేని తీపి బెల్లంతో కొంత వస్తుంది, మిగతాది ఒక చిలగడదుంప ముక్కలు కోసి వేస్తే వస్తుంది. నవంబర్‌లో చిలగడదుంపలు చాలా చవకగా ఉంటాయి, థాంక్స్ గివింగ్ సేల్‌లో కొని పెట్టుకోండి.

*దోసెలు, చపాతీలు.* కండ తురిమి, కొంచెం ఉప్పు వేసి పది నిమిషాలు ఉంచితే నీళ్లు ఊరుతాయి. ఆ నీళ్లు పారబోయకుండా చపాతీ పిండి వాటితోనే కలపండి. తురుములో బియ్యప్పిండి, కాస్త రవ్వ, జీలకర్ర, అల్లం, పచ్చిమిర్చి వేసి దోసెలు పోస్తే పిల్లలు గుమ్మడికాయ అని కనిపెట్టరు. అట్లతద్ది కూడా సాధారణంగా అక్టోబర్ ప్రాంతంలోనే వస్తుంది కదా, వాయనానికి మామూలు అట్లే పోసి, ఆ పూట పిల్లల ఫలహారానికి ఇవి పోస్తుంటాను.

*పచ్చడి.* తొక్క గీరేశారనుకోండి, దాన్ని నూనెలో బాగా వేయించి, ఎండుమిర్చి, నువ్వులు, చింతపండు, వెల్లుల్లి వేసి రుబ్బండి, బీరపొట్టు పచ్చడి పద్ధతే. తొక్కతో చేసేటప్పుడు కాయని ముందే బ్రష్‌తో రుద్ది కడగాలి, ఇన్నాళ్లూ బయట ఉంది కాబట్టి.

ఇక సాంబార్‌లో, ముద్దపప్పు పక్కన దప్పళంలో ఎలాగూ పోతుంది. మిగిలిందంతా ఓవెన్‌లో కోసిన వైపు కిందకి పెట్టి 400 డిగ్రీల దగ్గర ముప్పావుగంట కాల్చి, గుజ్జు తీసి, పల్చటి బట్టలో వేలాడగట్టి నీళ్లు పోనిచ్చి, కప్పు కప్పు చొప్పున జిప్ సంచుల్లో పల్చగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టేయండి. పచ్చి కాయ బరువు ఒక పౌండుకి దాదాపు ఒక కప్పు గుజ్జు వస్తుందని లెక్క. చలికాలమంతా పప్పులో, సూప్‌లో, ఇడ్లీ పిండిలో కూడా ఒక సంచి చొప్పున వాడుకోవచ్చు.

గుజ్జుని గాజు సీసాల్లో పోసి బయట అల్మరాలో నిల్వ చేయకండి, ప్రెషర్ క్యానర్ (సీసాల్ని ఆవిరి ఒత్తిడితో ఉడికించే పాత్ర) ఉన్నా సరే. గుమ్మడి గుజ్జు చిక్కగా ఉండి, పులుపు లేక, మధ్యదాకా వేడి సరిగా చేరదు, బొట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషం వచ్చే ప్రమాదం ఉంది. ఇక్కడి ప్రభుత్వ ఆహార భద్రతా సూచనలు కూడా ఇంట్లో గుజ్జు క్యానింగ్ వద్దనే చెబుతాయి. ఫ్రీజర్ ఉండగా ఆ టెన్షన్ మనకెందుకు.

గింజల సంగతి. కడిగి పీచు తీసి, ఉప్పు నీళ్లలో పది నిమిషాలు ఉడికించి, వడకట్టి, తడి ఆరాక 325 డిగ్రీల దగ్గర కరకరలాడేదాకా వేయించండి. ఉడికించడం వల్ల ఉప్పు లోపలికి పడుతుంది, పొట్టు కూడా నమలడానికి వీలుగా అవుతుంది. సగం అలాగే కారం, నిమ్మరసం చల్లి తినండి, సగం ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లితో పొడి కొట్టి జల్లించుకోండి, వేడన్నంలో నెయ్యితో చాలా బాగుంటుంది.

మీ చిన్న పై పమ్కిన్‌ని మాత్రం హల్వాకి ఉంచండి. తురిమి నేరుగా నెయ్యిలో వేయకుండా ముందు తడి పోయేదాకా ఉత్తి మూకుడులో వేయించి, అప్పుడు నెయ్యి వేయండి. సగం నెయ్యితోనే పని అయిపోతుంది. థాంక్స్ గివింగ్ రోజు బయట పై కొనే బదులు మా ఇంట్లో ఇదే ఉంటుంది, పక్కింటి అమెరికన్ పెద్దావిడ ప్రతిసారీ గిన్నె అడిగి మరీ తీసుకెళ్తారు.

ఖర్చు లేకుండా ఈ కాలం గడపడం

ఒక విషయం మర్చిపోతుంటాం. ఇది మనకీ పండగల కాలమే, శరదృతువు. బతుకమ్మ, దసరా, అట్లతద్ది, దీపావళి, ఆ వెంటనే కార్తీకం. హాలోవీన్ డెకరేషన్ ఒకటి, దసరా డెకరేషన్ ఒకటి, థాంక్స్ గివింగ్‌కి ఇంకొకటి అని విడివిడిగా కొనడం వల్లే ఖర్చు మూడింతలవుతోంది. 2024లో అయితే దీపావళీ హాలోవీన్ ఒకే రోజు, అక్టోబర్ 31న వచ్చాయి, మా వీధిలో క్యాండీకి వచ్చిన పిల్లలందరూ మా మెట్ల మీద ప్రమిదల దగ్గర ఆగి ఫొటోలు దిగారు.

మేం చేసేది చెబుతాను. సెప్టెంబర్ చివర్లో నాలుగు గుమ్మడికాయలు, అన్నీ వండుకునే రకాలే, మెట్ల మీద పెడతాం. పిల్లలు చెక్కడానికి బదులు తడిపిన బియ్యప్పిండితో వాటి మీద ముగ్గులు వేస్తారు, పసుపు బొట్లు పెడతారు. హాలోవీన్‌కి అదే పిండితో కళ్లు, నోరు గీస్తారు. నవంబర్‌లో తుడిచేస్తే ఉత్తి కాయలు, థాంక్స్ గివింగ్‌కి అవే. కోసిన గాటు ఒక్కటీ లేదు కాబట్టి చివరికి అన్నీ వంటింట్లోకే వస్తాయి.

బతుకమ్మకి మా అత్తగారివైపు వరంగల్ పద్ధతి. తంగేడు ఇక్కడ దొరకదు, ఏడ్చినా దొరకదు. పెరట్లో బంతి వేస్తాను, ఇక్కడి చామంతి కుండీలు ఒక్కసారి కొని పండగయ్యాక నేలలో నాటేస్తే, చలికి తట్టుకునే రకమైతే మళ్లీ ఏడాది అవే పూస్తాయి. నేలలో పెట్టడం వీలైనంత త్వరగా చేయాలి, వేళ్లు పట్టకముందే నేల గడ్డకడితే బతకవు. కింద పరచడానికి గుమ్మడి ఆకులు, పైన గుమ్మడిపూలు మన పాదువే. మగపూలు కోస్తే కాపు తగ్గదు, కింద చిన్న పిందె లేని పువ్వు మగపువ్వు, రెండు మూడు మాత్రం పాదుకి వదిలేయండి. నిమజ్జనం ఇక్కడి చెరువుల్లో వద్దు, పెద్ద టబ్‌లో నీళ్లు పోసి చేసి, ఆ పూలూ నీళ్లూ పెరట్లో పోసేస్తాం.

పమ్కిన్ ప్యాచ్‌కి వెళ్లాలనుంటే శని ఆదివారాలు మానేయండి, చాలాచోట్ల ఎంట్రీ టికెట్టు, ట్రాక్టర్ రైడ్, మొక్కజొన్న చేనులో దారి కనుక్కునే ఆట, అన్నిటికీ డబ్బే. అదే ఫామ్ పక్కన కాయలు అమ్మే కొట్టు ఉంటుంది, చాలాసార్లు దానికి టికెట్ ఉండదు. కాయలు కూడా అక్టోబర్ 31 దాటగానే సగానికి సగం ధరకి దిగుతాయి, నేను నిల్వకి కొనేవన్నీ నవంబర్ మొదటివారంలోనే. బయట గడ్డకట్టే చలికి దెబ్బతిన్నవి మాత్రం తీసుకోకండి, లోపల అప్పటికే కుళ్లడం మొదలై ఉంటుంది.

ఆకుల రంగులు చూడటానికి ఉత్తర ఇల్లినాయ్‌లో అక్టోబర్ రెండో సగం బాగుంటుంది. లైల్ అనే ఊళ్లో మోర్టన్ ఆర్బొరేటమ్ (చెట్ల తోట) చాలా అందంగా ఉంటుంది, కానీ టికెట్. డుపేజ్ కౌంటీ ఫారెస్ట్ ప్రిజర్వ్‌లు ఉచితం, కాస్త దూరం వెళ్లగలిగితే స్టార్వ్డ్ రాక్ స్టేట్ పార్క్‌లో కూడా ప్రవేశ రుసుము లేదు. పులిహోర, దద్ధోజనం డబ్బాల్లో సర్దుకుని వెళ్లండి, అదే వనభోజనం. కార్తీకం వచ్చేసరికి ఇక్కడ బయట కూర్చోలేం కాబట్టి మేం ఆశ్వయుజంలోనే కానిచ్చేస్తాం. కాస్ట్యూమ్‌లు అసలు కొనకండి, మీ వాట్సాప్ గ్రూప్‌లో అడిగితే గతేడాది సైజులు చాలామంది దగ్గర ఉంటాయి.

నిల్వ

చెక్కనివి సరిగ్గా పెడితే రెండు మూడు నెలలు ఉంటాయి, బటర్‌నట్ అంతకన్నా ఎక్కువ. తొడిమ పట్టుకుని ఎత్తకండి, విరిగిందంటే అక్కడినుంచే కుళ్లు మొదలవుతుంది. తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనిచ్చి, బేస్‌మెంట్‌లో 50 నుంచి 55 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండే మూల, కాంక్రీట్ మీద నేరుగా పెట్టకుండా అట్టముక్క వేసి, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. యాపిల్స్ పక్కన వద్దు, వాటినుంచి వచ్చే ఎథిలీన్ వాయువుకి తొందరగా పాడవుతాయి. హీటర్ గాలి తగిలేచోటా వద్దు, గడ్డకట్టే గరాజ్‌లోనూ వద్దు.

మీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. చెక్కినవి ఈ శనివారమే స్మాష్‌కి. పెద్దవాటిలో ఒకటి ఈ వారమే కోసి పులుసు, దోసెలు, మిగతాది ఫ్రీజర్. రెండోది ఇవాళే లోపలికి తెచ్చి తుడిచి బేస్‌మెంట్‌లో పెట్టి థాంక్స్ గివింగ్ లోపు వాడేయండి, ఆ రకం అంతకుమించి ఆగుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. వీటితోపాటు సేల్‌లో మంచి బటర్‌నట్‌లు రెండు, గీతలు లేనివి, తొడిమ గట్టిగా ఉన్నవి చూసి తెచ్చుకోండి. అవి సంక్రాంతి దాకా హాయిగా ఉంటాయి, ఆ రోజు ముక్కల పులుసుకి ఒకటి, గుమ్మడిపండు దానం ఇచ్చే అలవాటు మీ ఇంట్లో ఉంటే ఇంకొకటి. వారానికోసారి చేత్తో నొక్కి చూడండి, ఎక్కడైనా మెత్తబడటం మొదలైతే పండగ కోసం ఆగకుండా ఆ రోజే కోసేయండి.